మా మిర్చి యూనిట్‌లో స్మెటా ఆడిట్: పదకొండు నెలల అనుభవం

2024 ఏప్రిల్ 18న జర్మనీ కొనుగోలుదారు నుంచి మెయిల్ వచ్చింది. నాలుగే వాక్యాలు. వచ్చే ఏడాది కాంట్రాక్టు కావాలంటే మా యూనిట్‌లో స్మెటా ఆడిట్ (పనివాళ్ల పరిస్థితులు, భద్రత లాంటివి చూసే తనిఖీ) జరగాలి, దాని నివేదిక సెడెక్స్‌లో (సరఫరాదారుల వివరాలు కొనుగోలుదారులు చూసుకునే ఆన్‌లైన్ వేదిక) వాళ్లకు కనిపించాలి, గడువు డిసెంబరు 31. మామయ్యగారు నా చేత రెండుసార్లు చదివించుకుని, "మన కారంలో ఏం తప్పు కనిపించిందట?" అని అడిగారు. ఆయనకు తెలిసిన పరీక్షలు రెండే: కారంలో కలపకూడని సూడాన్ రంగులు, బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్. ల్యాబుకు శాంపిల్ పంపడం, ఐరోపా లెక్క ప్రకారం అఫ్లాటాక్సిన్ బీ1 రకం ఐదు పీపీబీ (వంద కోట్లలో ఐదు వంతులు), అన్ని రకాలూ కలిపి పది పీపీబీ దాటకుండా ఫలితం వస్తే దేవుడికి దండం పెట్టుకోవడం. ఈసారి పరీక్ష కారానికి కాదు, మనకే అని చెబితే ఆయన నమ్మలేదు. నిజానికి నాకూ వారం పట్టింది అర్థం కావడానికి.

నేను ఈ ఇంటి కోడలిని. పద్నాలుగేళ్లుగా యూనిట్ లెక్కలు నేనే రాస్తున్నాను. గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు మాది చిన్న యూనిట్. మిర్చి యార్డులో తేజ, నంబరు 334 అనే రకాల కాయ కొంటాం, ముచ్చికలు (తొడిమలు) తీయిస్తాం, తాలు (రంగు పోయిన కాయలు) ఏరిస్తాం, కొంత కాయగా, కొంత కారంగా పంపుతాం. మా రోడ్డులోనే మరో ఇద్దరు ముగ్గురికి ఇలాంటి మెయిళ్లు వచ్చాయని విన్నాను. వాళ్లు నన్ను ఫోనులో అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మెయిల్ ఎందుకు వచ్చిందో తర్వాత తెలిసింది. తమకు సరుకిచ్చేవాళ్ల దగ్గర పనివాళ్ల హక్కులు కూడా కంపెనీలు చూసుకోవాలనే సరఫరా గొలుసు చట్టం జర్మనీలో 2023 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. మొదట మూడు వేల మంది పైన ఉద్యోగులున్న సంస్థలకు, 2024 నుంచి వెయ్యి మంది ఉన్నవాటికి కూడా. మా కొనుగోలుదారు అంత పెద్దవాడు కాదు. అతని దగ్గర కొనే సూపర్ మార్కెట్లు పెద్దవి. వాళ్లు అతన్ని అడిగారు, అతను మమ్మల్ని అడిగాడు. మేం ఎవరిని అడగాలి? ఆ సంగతి తర్వాత వస్తుంది.

మేలో యార్డుకు వేసవి సెలవులు కాబట్టి తీరిక దొరికింది. సెడెక్స్ సభ్యత్వం కట్టి, స్వీయ మదింపు ప్రశ్నావళి తెరిచాను. దాన్ని నింపడానికి పదహారు రోజులు పట్టింది. మొదటి పేజీల్లోనే ఆగిపోయాను. 'పనిచేసేవారు ఎంతమంది?' అన్నది ప్రశ్న.

మా పుస్తకాల్లో పద్నాలుగు మంది. మర దగ్గర ఆరుగురు, కాటా దగ్గర ఇద్దరు, గుమాస్తా, డ్రైవర్లు, వాచ్‌మన్. షెడ్డులో రోజూ వచ్చి నేల మీద కూర్చుని ముచ్చికలు తీసే ఆడవాళ్లు అరవై ఒక్కరు. వాళ్లను మేస్త్రీ తీసుకొస్తుంది, డబ్బు మేస్త్రీ చేతికే ఇస్తాం, మా రిజిస్టరులో 'ముచ్చికల ఖర్చు' అని ఒక్క గీత. పద్నాలుగేళ్లుగా ఆ గీత రాసింది నేనే. ఇరవై మంది ఉంటే పీఎఫ్, పది మంది ఉంటే ఈఎస్ఐ అని నాకు తెలియక కాదు. అందరూ అలాగే రాస్తారు కదా అని రాశాను.

జూన్‌లో విజయవాడ నుంచి ఒక కన్సల్టెంట్‌ను పెట్టుకున్నాం. ఎనభై ఐదు వేలకు ఒప్పందం, సగానికి పైగా ముందే. అతను ఆగస్టు రెండో వారంలో వచ్చి యూనిట్ అంతా తిరిగి, ముప్పై నాలుగు లోపాలు రాసి ఇచ్చాడు. అందులో సగం నిజంగా పనికొచ్చాయి, ఒప్పుకోవాలి. అత్యవసర ద్వారం లోపలికి తెరుచుకుంటోంది, బయటికి తెరుచుకోవాలి. పైగా దానికి తాళం, తాళం ముందు టిక్కీల (మిర్చి బస్తాల) దొంతర. తాగునీటి ఫిల్టరు మరుగుదొడ్డి గోడకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఆరు మీటర్లు ఉండాలట. పదేళ్లుగా అందరం అక్కడే నీళ్లు తాగాం, ఒక్కరికీ తోచలేదు.

ఆడవాళ్ల సంగతి అడిగితే అతను నవ్వి, "దానికి మా దగ్గర పద్ధతి ఉందండీ" అన్నాడు. ఆ పద్ధతి ఏమిటంటే పన్నెండు నెలల హాజరు పట్టీ, కూలి పట్టీ కొత్తగా రాయించడం. మేస్త్రీ ఇచ్చిన పేర్ల జాబితా, మా చెల్లింపు చీటీల నకళ్లు అతను పట్టుకెళ్లాడు.

సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. అతని ఆఫీసు అక్కడే, కింది అంతస్తులో. పన్నెండు రోజులు ఫోను కలవలేదు. మేం మనిషి ఏమయ్యాడోనని భయపడుతుంటే, పడవల్లో పాల ప్యాకెట్లు పంచుతున్న దృశ్యాలు టీవీలో చూస్తూ మామయ్యగారు ఆ జనంలో అతని ముఖం వెతికేవారు. మనిషి క్షేమమే. మా కాగితాలు మాత్రం బురద ముద్ద అయ్యాయి. నకళ్లు కాబట్టి సరిపోయింది. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి.

ఆ నెలాఖరుకు కొత్త రిజిస్టరు వచ్చింది. చక్కటి చేతిరాత, నాలుగు రంగుల సిరా, వేలిముద్రలు కూడా. ఎవరి వేళ్లో నేను అడగలేదు. రాత్రి భోజనాలయ్యాక ఊరికే తిరగేస్తూ సెప్టెంబరు పేజీ దగ్గర ఆగాను. 7వ తేదీ, శనివారం: అరవై ఒక్కమందీ హాజరు. ఆ రోజు వినాయక చవితి. గుంటూరులో చవితి నాడు ముచ్చికలు తీయడానికి వచ్చే ఆడమనిషిని చూపిస్తే నేను పేరు మార్చుకుంటాను. ఇంకా చూస్తే, ఆదివారాలన్నీ సెలవులుగా ఉన్నాయి. మా కాటా పుస్తకంలో మాత్రం నాలుగు ఆదివారాలు సరుకు తూచిన లెక్క ఉంది. మర రిజిస్టరు ఒకటి చెబుతుంది, గేటు రిజిస్టరు ఇంకొకటి, ఇది మూడోది.

ఆ పుస్తకం మామయ్యగారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది పట్టుబడితే ఏమవుతుంది?" అన్నారు. రికార్డులు తారుమారు చేసినట్లు నివేదికలో రాస్తారని, దాన్ని కొనుగోలుదారు నేరుగా చదువుతాడని చెప్పాను. "నిజం రాస్తే?" లోపాలు వస్తాయి, సరిదిద్దుకోవడానికి గడువు ఇస్తారు. ఆయన లేచి పుస్తకాన్ని అటక మీద పెట్టమన్నారు, చించనివ్వలేదు. "డబ్బు పోసి రాయించింది కదమ్మా" అన్నారు. ఇంకా అక్కడే ఉంది.

అలా అక్టోబరు 1 నుంచి ఒక్కొక్కరి పేరు, వచ్చిన వేళ, తీసిన కిలోలు నిజంగా రాయడం మొదలుపెట్టాం. ఆ ఒక్క పనికి కాటా దగ్గర ఒక అమ్మాయిని అదనంగా పెట్టాల్సి వచ్చింది. అంతకు ముందు నెలల లెక్క మేస్త్రీ చీటీల ప్రకారం ఉన్నది ఉన్నట్టు పెట్టి, 'ఇంతకాలం ఇలా ఉంది' అని ఒక పేజీ రాసి సంతకం చేశాం. కన్సల్టెంట్‌కు కోపం వచ్చింది. మిగిలిన పని పూర్తిచేశాడు కానీ సగం మనసుతో చేశాడు. అది తర్వాత మా పరువు తీసింది.

పీఎఫ్ పెడతామంటే ఆడవాళ్లు చప్పట్లు కొడతారనుకున్నాను. షెడ్డులో కూర్చోబెట్టి చెబితే ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక పెద్దామె, "నెలకు ఎంత కోస్తారమ్మా?" అంది. పదివేలు వస్తే పీఎఫ్ పన్నెండు వందలు, ఈఎస్ఐ డెబ్బై ఐదు. "అంటే పప్పు, నూనె, గ్యాసు పోయినట్టే." ఇంకొకామెకు వితంతు పింఛను వస్తుంది. జులై నుంచి నాలుగు వేలు చేశారు కదా, పీఎఫ్ ఖాతా ఉంటే అది తీసేస్తారేమోనని ఆమె భయం. రేషన్ కార్డు పోతుందని మరికొందరు. సచివాలయానికి వెళ్లి అడిగిరండి అంటే, అడిగితే కొత్తగా గుర్తొస్తామని వెళ్లలేదు. వాళ్లతో వాదించే హక్కు నాకు ఎక్కడిది? పద్నాలుగేళ్లు పేరు కూడా రాయలేదు.

ఆధార్ దగ్గర ఇంకో చిక్కు. అరవై ఒక్కరిలో పదకొండు మందికి ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి పేరు. ఇద్దరి పుట్టిన సంవత్సరం చూస్తే కూతురి కంటే నాలుగేళ్లే పెద్ద. ఈ సవరణలకే ఐదు వారాలు. పోయిన రోజు కూలి మేమే ఇచ్చాం, లేకపోతే వాళ్లు వెళ్లరు. తొమ్మిది మందికి సొంత బ్యాంకు ఖాతా లేదు, మొగుడి ఖాతాయే. జీతం సొంత ఖాతాలో పడుతుందని తెలిసి ఒకామె మొగుడు గేటు దగ్గరికి వచ్చి గొడవ చేశాడు. ఆమె మాత్రం ఆ రోజు సాయంత్రం ఎందుకో చాలా హుషారుగా ఉంది.

చేతి తొడుగుల కథ చెప్పాలి. కారం చేతులకు మంట. వాళ్లు పొద్దున్నే ఆముదం రాసుకుని కూర్చుంటారు, ఇంటికి పోయేముందు మజ్జిగతో కడుక్కుంటారు. మూడు వందల జతల రబ్బరు తొడుగులు తెప్పించాను. మూడో రోజుకు ఒక్కరి చేతికీ లేవు. తొడుగుతో ముచ్చిక పట్టు దొరకదు, ముప్పై కిలోలు తీసే మనిషి ఇరవై రెండు తీస్తుంది. కిలోకు పద్నాలుగు రూపాయలు. ఎనిమిది కిలోలంటే నూట పన్నెండు రూపాయలు ఆమె జేబు నుంచి పోతున్నాయి, నా భద్రతా నియమం కోసం. చివరికి బొటనవేలికి, చూపుడువేలికి మాత్రం తొడిగే గుడ్డ తొడుగులు మా వీధి దర్జీతో కుట్టించాం. వాటిని వేసుకుంటున్నారు.

నవంబరు 22న అగ్నిమాపక విన్యాసం చేశాం. గంట మోగగానే అందరూ లేచారు, క్యారియర్లు తీసుకోవడానికి లోపలి గదికి పరుగెత్తారు. బయటికి రావడానికి ఆరున్నర నిమిషాలు. మిర్చి షెడ్డులో నిప్పంటుకుంటే మంట కంటే ముందు ఘాటు చంపుతుందని అందరికీ తెలుసు, అయినా చెప్పులు వదిలి రాలేదు. రెండోసారి రెండు నిమిషాల పది సెకన్లు. క్యారియర్లు పెట్టే చోటును గేటు పక్కకు మార్చడమే మేం చేసిన మార్పు.

ఆడిట్ తేదీ మాకు ముందే చెప్పలేదు. డిసెంబరు 2 నుంచి 20 వరకు ఎప్పుడైనా రావచ్చు అని చెప్పారు. ఆ తొమ్మిది రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. 11వ తేదీ బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆటోలో ఒకావిడ దిగింది, చెన్నై మనిషి, తమిళ యాసతో శుభ్రమైన తెలుగు. మా పనివాళ్ల సంఖ్యకు ఆడిట్ ఒకటిన్నర రోజు. మంచినీళ్ల సీసా కూడా తనదే తెచ్చుకుంది. మామయ్యగారు సాయంత్రం గోంగూర పచ్చడి సీసా ఇవ్వబోతే రెండు చేతులూ జోడించి, "వద్దండీ, తీసుకుంటే రాయాల్సి వస్తుంది" అంది. ఆయన ఇప్పటికీ ఆ మాటకు నొచ్చుకుంటున్నారు.

మొదట యూనిట్ అంతా తిరిగింది. మర గదిలో దుమ్ము చూసి, మాస్కు తీసి ఒక్క నిమిషం నిలబడి, తుమ్మి, ఏదో రాసుకుంది. ముచ్చికల కుప్ప ఎక్కడికి పోతుందని అడిగింది. ఇటుక బట్టీకి అమ్ముతాం అన్నాం. తూకం చీటీ చూపమంది. ముచ్చికలు మళ్లీ కారంలో కలవడం లేదని రుజువు కావాలి కదా. అదృష్టం కొద్దీ చీటీలు ఉన్నాయి.

తర్వాత ఆరుగురిని ఒక్కొక్కరిగా, నలుగురిని కలిపి పిలిచింది. ఎవరిని పిలవాలో ఆవిడే షెడ్డులో చూసి ఎంచుకుంది. ఆఫీసు గది ఇస్తామంటే వద్దని వేపచెట్టు కింద కూర్చుంది. మేం, మేస్త్రీ, గుమాస్తా ఎవరూ ఆ వైపు వెళ్లకూడదు. గంటన్నర నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒకచోట అందరూ ఘొల్లున నవ్వారు. దేనికి నవ్వారో ఇప్పటికీ తెలియదు. ఎవరినీ అడగకూడదని ముందే చెప్పారు, అడగలేదు.

మధ్యాహ్నం కాగితాలు. మా సుస్థిరత విధానం ఫైలు తెరిచి చదువుతూ నాలుగో పేరా దగ్గర ఆగింది. "మీకు రొయ్యల చెరువులు కూడా ఉన్నాయా?" కన్సల్టెంట్ వేరే ఎవరికో రాసిన విధానంలో పేరు మార్చి మాకు ఇచ్చాడు. 'చెరువుల నుంచి వదిలే నీటి నాణ్యతను పరిరక్షిస్తాము' అని మామయ్యగారి సంతకంతో ఉంది. భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆవిడ నవ్వలేదు, అదే ఇంకా సిగ్గు. ఆ రాత్రి కూర్చుని ఒకటిన్నర పేజీలో మా విధానం మేమే తెలుగులో రాసుకున్నాం: కరెంటు, డీజిల్ నెలనెలా రాస్తాం, దుమ్ము బయటికి పోనివ్వం, పేరు లేకుండా ఎవరితోనూ పని చేయించం. గేటు దగ్గర అంటించింది అదే.

సరుకు ఎక్కడిదని అడిగింది. కమీషన్ దుకాణం చీటీలు చూపించాం. "ఏ రైతు? ఏ ఊరు? కోతకు ఎవరు వచ్చారు? పిల్లలు వచ్చారా?" యార్డులో ఒక లాటు కొంటే దుకాణం పేరు తెలుస్తుంది. ఆ పొలంలో కాయ కోసింది ఎవరో ఏ చీటీ మీదా ఉండదు. తెలియదనే చెప్పాను. దాన్ని లోపంగా కాకుండా 'పరిశీలన' అని రాసుకుంది. ఈ సీజనులో ప్రత్తిపాడు వైపు కొందరు రైతుల దగ్గర నేరుగా కొంటున్నాం, మొత్తం సరుకులో పదో వంతు కూడా కాదు.

రెండో రోజు మధ్యాహ్నం ముగింపు సమావేశం. తొమ్మిది లోపాలు చదివి వినిపించింది. గట్టివి నాలుగు. ఆడవాళ్లకు అక్టోబరుకు ముందు పీఎఫ్, ఈఎస్ఐ లేకపోవడం. మర దగ్గర మగవాళ్లకు ఓవర్‌టైమ్ ఒక్కింతే ఇవ్వడం, చట్టం ప్రకారం రెండింతలు. అప్పటి చట్టం ప్రకారం ముప్పై మంది కంటే ఎక్కువ ఆడవాళ్లు ఉంటే ఉండాల్సిన శిశు సంరక్షణ గది లేకపోవడం. నాలుగోది నేను అసలు ఊహించనిది. కిలోల లెక్కన ఇస్తున్నాం కాబట్టి ఎంత పనికి అంత డబ్బు, అన్యాయం ఏముంది అనుకునేదాన్ని. ఆవిడ నా రిజిస్టరులోంచే తీసింది: ముప్పై కిలోలు తీసేవాళ్లకు నాలుగు వందల ఇరవై వస్తోంది, సరే. పద్దెనిమిది కిలోలు తీసే ముసలివాళ్లు, కొత్తవాళ్లు పదకొండు మంది ఉన్నారు. రెండు వందల యాభై రెండు. రోజంతా కూర్చున్న మనిషికి కనీస వేతనం కంటే తక్కువ. తేడా మీరు కలపాలి.

'మంచి పద్ధతి' అని కూడా ఒకటి రాసింది. ఆ గుడ్డ వేలి తొడుగులు.

సంతకాలు పెట్టాక మామయ్యగారు, "మరి సర్టిఫికెట్ ఎప్పుడు వస్తుందమ్మా?" అన్నారు. స్మెటాకు సర్టిఫికెట్ ఉండదని, పాస్, ఫెయిల్ కూడా ఉండవని, నివేదిక మాత్రమే ఉంటుందని చెప్పింది. మా ఆఫీసు గోడకు ఆహార భద్రతకు ఇచ్చే ఐఎస్ఓ 22000 సర్టిఫికెట్ అద్దాల ఫ్రేములో ఉంది. దాని పక్కన ఈయన ముందే మేకు కొట్టించి పెట్టారు.

లోపాలకు ముప్పై, అరవై, తొంభై రోజుల గడువులు. తలుపులు, దీపాలు, ఫిల్టరు లాంటివి ఫొటోలు, బిల్లులు ఎక్కిస్తే జనవరిలోనే మూసేశారు. సామాన్ల గది ఖాళీ చేసి, ఫ్యాను, చాపలు, ఒక ఆయమ్మను పెట్టి పిల్లల గది చేశాం. నలుగురే పిల్లలు వస్తారు. అంతకుముందు సెలవుల్లో పిల్లలు తల్లుల పక్కనే టిక్కీల నీడలో పడుకునేవారు, చేయి ఊరుకోక నాలుగు కాయలు గిల్లేవారు. బయటివాళ్ల కంటికి అది ఏమిటో ఇప్పుడు తెలుసు. జీతాల లోపాలు మాత్రం కాగితాలతో తీరలేదు. మార్చి 13న మళ్లీ మనిషి వచ్చి, జీతం పట్టీలు చూసి, ఇంకోసారి చెట్టు కింద కూర్చుని వెళ్లారు. 27న అన్నీ మూసినట్లు సెడెక్స్‌లో కనిపించింది.

ఖర్చు అందరూ అడుగుతారు కాబట్టి: కన్సల్టెంట్ ఎనభై ఐదు వేలు, ఆడిట్ రుసుము ప్రయాణంతో కలిపి లక్షా పన్నెండు వేలు, రెండోసారి రావడానికి ముప్పై ఎనిమిది వేలు, తలుపులు, మరుగుదొడ్లు రెండు లక్షల అరవై వేలు, మర గదికి దుమ్ము లాగే యంత్రం మూడు లక్షల తొంభై వేలు, పిల్లల గది డెబ్బై వేలు. ఇది ఒక్కసారి పోయే డబ్బు, తొమ్మిది లక్షల యాభై ఐదు వేలు. యజమాని వాటాగా పీఎఫ్, ఈఎస్ఐ నెలకు తొంభై వేల పైన, ఇది ఎప్పటికీ. కొనుగోలుదారు ఏప్రిల్ మొదటి వారంలో అభినందనలు తెలిపి రెండు కంటైనర్లకు ఆర్డరు పంపాడు. ధర పోయినేటిదే. కిలోకు నాలుగు సెంట్లు పెంచమని రాశాను. బాధ్యతాయుతమైన సరఫరా అనేది ఉమ్మడి ప్రయాణమని జవాబు వచ్చింది, టికెట్టు మాత్రం నేనే కొన్నాను.

తేడా కలపాల్సిన పదకొండు మంది సంగతి మిగిలింది. జనవరి నుంచి కలుపుతున్నాం. ఫిబ్రవరిలో ఒక సోమవారం చూస్తే అందులో ఆరుగురు రాలేదు. మేస్త్రీని అడిగితే చూపు తిప్పుకుంది. మామయ్యగారు ఆమెతో, చేయి చురుకున్న వాళ్లనే తీసుకురమ్మన్నారని సాయంత్రానికి తెలిసింది. పద్దెనిమిది కిలోలకు పూర్తి కూలి ఎందుకు ఇవ్వాలి, వ్యాపారం కదా అన్నారు. నాలుగు రోజులు మా ఇద్దరికీ మాటలు లేవు. చివరికి ఇద్దరిని తాలు ఏరే పనికి రోజుకూలి మీద తిరిగి తెచ్చాను. మిగిలిన నలుగురు రాలేదు. ఆడిట్ మనిషి రెండోసారి వచ్చినప్పుడు ఉన్నవాళ్ల పట్టీలు చూసింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పోయిన వారం చుట్టుగుంట దగ్గర ఆ నలుగురిలో ఒకామె కనిపించింది, పీఎఫ్ ఎంత కోస్తారని అడిగిన పెద్దామె. మా రోడ్డులోనే ఇంకో షెడ్డులో ముచ్చికలు తీస్తోందట.

"అక్కడ ఎంత ఇస్తున్నారు పెద్దమ్మా?"

"పదమూడు. పేరు రాసుకోరు, కోతా లేదు. ఆ వేలి తొడుగులు ఒక జత ఉంటే ఇవ్వు తల్లీ, మంట ఎక్కువగా ఉంది."

మర్నాడు మా గుమాస్తా చేత రెండు జతలు పంపించాను.